డాక్టరమ్మ వంటకొట్టం

మొన్న రక్తపోటు చూపించుకుందామని మా మార్కాపురం ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాను. చీటీ రాయించుకున్నాను గానీ వరుస చాలా పొడుగ్గా ఉంది. కాస్త నీడ చూసుకుందామని భవనం వెనక్కి నడిచాను. అక్కడ ఎవరో ఆడమనిషి మూడు రాళ్ళ మీద గిన్నె పెట్టి చారు కాస్తోంది. లోపల అప్పుడే గచ్చు కడిగినట్టున్నారు. ఫినాయిల్ వాసన, చారులో వెల్లుల్లి తిరగమోత వాసన కలిసి ఒక్కసారిగా ముక్కుకు తగిలాయి. విడివిడిగా వస్తే ఈ రెండు వాసనలూ నన్నేమీ చెయ్యవు. కలిసి వచ్చాయంటే మాత్రం నాకు మా డాక్టరమ్మ కనిపిస్తుంది. కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని, పొగకు కళ్ళు చికిలించుకుని, ఎవరి గిన్నె మీదనో మూత తీసి తొంగి చూస్తూ. నా పేరు పిలిచారట, నాకు వినపడలేదు. చివరికి చూసినప్పుడు రక్తపోటు ఎక్కువే ఉంది. పొగ వల్లనమ్మా అని చెప్పాను. నా చేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూసిన అమ్మాయి నమ్మలేదు, నవ్వి మాత్ర రాసింది.

ఆ వారంలోనే దగ్గరలో ఉన్న ఒక ఫార్మసీ కాలేజీ నుంచి కుర్ర లెక్చరరు ఫోన్ చేశాడు. వాళ్ళ కాలేజీ సంచికకు ఒక వ్యాసం కావాలట. ఫార్మసీ చదివి, దాని మీద ఎం.బి.ఎ. చేసి, ఆసుపత్రులను నడిపించే స్థాయికి పోవడం ఎట్లాగో పిల్లలకు నా అనుభవంగా చెప్పాలట. ఇప్పటి పిల్లలు ఆ దారి అడుగుతున్నారు సార్, మన ప్రాంతంలో ఆ దారిన ముందు నడిచింది మీరేనట గదా అన్నాడు. ఆ మాట వినగానే నేను ఫోన్ పెట్టేసి కాగితం తీశాను. మొదటి వాక్యం ఇది: "పడమటి ప్రకాశం మొత్తంలో ఫార్మసీ డిగ్రీ, మేనేజిమెంటు డిగ్రీ రెండూ సంపాదించిన మొట్టమొదటి వ్యక్తిని నేనే, నా సొంత ఆలోచనతో ఆ చదువు చదివి, నూరు పడకల ఆసుపత్రిని ఒంటిచేత్తో నడిపించాను." రాసి, పైకి చదువుకుని, టీ పెట్టించుకుని తాగాను. వాక్యం బాగా కుదిరింది. దానికున్న లోపం ఒక్కటే, అందులో డాక్టరమ్మ లేదు.

అందుకని ఆ వాక్యం సంగతి ముందు తేల్చుకుందాం. నూరు పడకలు అన్నాను. మంచాలు ముప్పై ఉండేవేమో. వరండాలో బల్లలు, పసిపిల్లల ఉయ్యాలలు కూడా కలుపుకుని కాస్త ఉదారంగా లెక్కపెడితే అరవై దాకా లాగవచ్చు. మిగతా నలభై నావి. మొట్టమొదటి వ్యక్తిని అన్నది అబద్ధమని ఎవరూ నిరూపించలేరు, ఎందుకంటే గిద్దలూరు నుంచి త్రిపురాంతకం దాకా ఇంటింటికీ తిరిగి ఎవరూ లెక్క తీయలేదు. సొంత ఆలోచన, ఒంటిచేయి అన్న రెండు మాటలకు మాత్రం ఇంత సులువుగా సర్దిచెప్పుకోలేను. వాటి కోసం ఆమె గురించి చెప్పాలి.

ఆమె పేరు డాక్టర్ విశాలాక్షి. హనుమంతునిపాడు వైపు మెట్ట సేద్యం చేసుకునే ఇంటి ఆడపిల్ల. కర్నూలులో చదువుకుని, మార్కాపురంలో బస్టాండుకు దగ్గరగా కాన్పుల ఆసుపత్రి పెట్టింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేకపోయింది. నేను గిద్దలూరులో కిరాణా దుకాణం నడిపే ఇంట్లో పుట్టి, విశాఖలో బి.ఫార్మసీ చదివి, మందుల కంపెనీ తరఫున బ్యాగు పట్టుకుని ఊరూరూ తిరిగేవాణ్ణి. మొదటిసారి ఆమె గదిలోకి వెళ్ళింది ఒక ఇనుము టానిక్కు అమ్మడానికి. దాని గొప్పలన్నీ ఏకరువు పెట్టాను. ఆమె సీసా మూత తీసి, చెంచాలో పోసుకుని, తానే నాలుక మీద వేసుకుని మొహం చిట్లించింది. తుప్పు నాకినట్టుంది, నువ్వు ఎప్పుడన్నా తాగినావా అని అడిగింది. రోజూ తాగుతానమ్మా అన్నాను. ఆమె ఇంకో చెంచా నింపి నా ముందుకు జరిపింది. నేను తొణక్కుండా తాగేసి, ఇంకో చెంచా అడిగి మరీ తాగాను. ఆమె కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు నవ్వింది.

"అబద్ధం నిలబెట్టుకునేదానికి రెండో చెంచా తాగినోణ్ణి నిన్నే చూసినానయ్యా. బ్యాగు పడేసి మా మందుల షాపు చూసుకో, రా" అంది.

అట్లా ఆమె దగ్గర చేరాను. మందులు చూసుకునే పని నాకు బాగానే వచ్చు. కాలం తీరబోయే మందులను ముందు వరుసలోకి జరపడం, ఫ్రిజ్‌లో ఉండాల్సినవాటిని కరెంటు పోయినప్పుడు ఐసు డబ్బాలోకి మార్చడం, డాక్టరమ్మ చేతిరాత చదవడం. ఈ మూడోది యూనివర్సిటీలో నేర్పని విద్య. పదిహేనేళ్ళకు పైగా గడిచాయి. ఆసుపత్రి పెరిగింది. ఆమె మాత్రం ఒక్కతే. ఆపరేషన్ గది తలుపు దగ్గరికి వచ్చి జనరేటరుకు డీజిల్ అయిపోయిందని చెప్పేవాడు ఒకడు, ఆయా రాలేదని చెప్పేవాడు ఒకడు. ఒకనాడు ఆపరేషన్ ముగించుకుని చేతులు తుడుచుకుంటూ తిన్నగా నా కౌంటరు దగ్గరికి వచ్చి నిలబడింది. నాకు నలభై దగ్గర పడుతోంది అప్పటికి.

"శేషయ్యా, డాక్టర్లకు మందులు తెలుసు, దుడ్డు తెలవదు. దుడ్డు తెలిసినోణ్ణి తెచ్చి పెట్టుకుంటే వానికి సూదిమందుకూ సబ్బుబిళ్ళకూ తేడా తెలవదు. రెండూ తెలిసినోడు ఒకడు కావాల నాకు. నేను పోయినాక గూడా ఈ ఆసుపత్రిని ఇట్లనే నిలబెట్టేటోడు. నువ్వు ఆ ఎం.బి.ఎ. ఏందో చదువు" అంది. ఈ వయసులో చదువేందమ్మా అన్నాను. నీ వయసు నేను అడిగినానా అని వెళ్ళిపోయింది.

నా సొంత ఆలోచన అని నేను రాసుకున్నది ఇదీ. దూరవిద్యలో చేరాను. మా అమ్మాయి పదో తరగతి, నేను ఎం.బి.ఎ. మొదటి సంవత్సరం, ఇద్దరికీ ఒకే బల్ల. నా పుస్తకాలు చూసి మా ఆవిడ, తండ్రీ కూతుళ్ళలో ఎవరు ముందు తప్పుతారో చూస్తానంది. నేనే తప్పాను, అదీ అకౌంట్స్‌లో. గిద్దలూరులో మా నాయన ఈ సంగతి విని తక్కెడ కింద పెట్టేసి, దుకాణంలో పుట్టినోడివి, లెక్కల్లో తప్పినావని బయట చెప్పొద్దురా అన్నాడు. నేను పరీక్షలు వాయిదా పడ్డాయని చెప్పుకు తిరిగాను. డాక్టరమ్మకు మాత్రం అసలు సంగతి తెలుసు. మళ్ళీ పరీక్షలు వచ్చినప్పుడు నాకు సెలవిచ్చి, నా బదులు కౌంటరులో ఆమే కూర్చుంది. సాక్షాత్తు డాక్టరమ్మే చిల్లర లెక్కపెట్టి మందులిస్తుంటే జనం కంగారుపడి, చీటీలు దాచుకుని బయటి షాపులకు పోయారట.

డిగ్రీ చేతికొచ్చిన రోజున ఆమె ఒక గది తలుపుకు 'పరిపాలనాధికారి' అని బోర్డు పెట్టించింది. ఆమెకు పిల్లలు లేరు. గుంటూరులో సర్జనుగా ఉన్న మేనల్లుడు ప్రసాద్ ఒక్కడే దగ్గరి చుట్టం. అతను మంచివాడే. అతని దృష్టిలో మాత్రం ఆసుపత్రి అంటే ఆపరేషన్ గది, మిగతాదంతా దాని వరండా. ఆసుపత్రిని ఒక ట్రస్టు కింద పెట్టి నడిపించే బాధ్యత నాకు అప్పగించాలా, మేనల్లుడికి ఇచ్చెయ్యాలా అని ఆమె తేల్చుకోవాలి. నన్ను చదివించింది ఎందుకో నాకూ తెలుసు, అతనికీ తెలుసు, ఆసుపత్రిలో నర్సులందరికీ తెలుసు. నేను ఆ కుర్చీలో సరిపోతానా లేదా అన్నదే అప్పటినుంచి అందరూ కనిపెట్టుకుని చూస్తున్న సంగతి.

మొదట్లో సరిపోయాననే చెప్పాలి, ఇందులో అతిశయం తక్కువే. ఒక్క ఉదాహరణ చెబుతాను, విద్యార్థులకు పనికొస్తుంది. మాది నల్లమల అంచు. వానలు పడితే పాముకాట్లు. విషానికి విరుగుడు మందు ఖరీదైనది, చల్లగా దాచాలి, వాడకపోతే గడువు దాటి పారబోయాలి. అందుకని ఏ చిన్న ఆసుపత్రీ దాన్ని పెట్టుకునేది కాదు. నాలో ఉన్న ఫార్మసిస్టుకు అది ఎంతకాలం నిలుస్తుందో తెలుసు, మేనేజరుకు ఎవరి దగ్గర ఎప్పుడు ఖర్చవుతుందో తెలుసు. గిద్దలూరులో ఒక నర్సింగ్ హోము, యర్రగొండపాలెంలో ఒకటి, మేము, ముగ్గురం కలిసి కొని, గడువు దగ్గరపడుతున్న సీసాలను ఎవరికి ముందు అవసరమైతే వాళ్ళకు ఐసు డబ్బాలో బస్సు మీద పంపించుకునే ఏర్పాటు చేశాను. బస్సు డ్రైవర్లు ఆ డబ్బాను తమ పక్కనే పెట్టుకుని తీసుకువెళ్ళేవారు. డాక్టరమ్మ ఆ సంగతి ఊళ్ళో కనిపించినవాళ్ళందరికీ చెప్పుకుంది. మా శేషయ్య, మా శేషయ్య అని. ఆ రెండు మాటలు నా తలకెక్కాయి.

ఇప్పుడు వంటకొట్టం గురించి. ఆసుపత్రి వెనక రేకులు కప్పిన కొట్టం ఒకటి ఉండేది. పలకల ఫ్యాక్టరీల నుంచి తెచ్చిన విరిగిన పలకరాళ్ళు నేలంతా పరిచి, వరసగా పొయ్యిలు వేసి ఉండేవి. పల్లెల నుంచి కాన్పుకు వచ్చినవాళ్ళ వెంట అమ్మనో అత్తనో వస్తుంది గదా, వాళ్ళు అక్కడ వండుకునేవాళ్ళు. బాలింతకు పథ్యం పెట్టాలి. పాతబియ్యం అన్నం, వెల్లుల్లి కారం, మిరియాల చారు, నెయ్యి. అదీ వేడివేడిగా, అదీ ఇంటి మనిషి చేత్తో వండింది. పులుపు, చలవ, బయటి కూడు తగలకూడదు. డాక్టరమ్మకు పథ్యం మీద నమ్మకం సగమే. కాకపోతే ఆమె ఆ సంగతి పొయ్యి దగ్గర కూర్చుని, వాళ్ళ గిన్నెలో నుంచి ఒక ముద్ద తింటూ చెప్పేది. ఇంత కారం ఎందుకమ్మా, ఒక గుప్పెడు ఆకుకూర వెయ్యి అనేది. వాళ్ళు వేసేవాళ్ళు.

ఆమెకు రోజుకు రెండు రౌండ్లు. పొద్దున మంచాల దగ్గర, సాయంత్రం పొయ్యిల దగ్గర. పొద్దున రౌండులో అందరూ బాగున్నామమ్మా అనేవాళ్ళు. సాయంత్రం అత్తలు అసలు సంగతులు చెప్పేవాళ్ళు. కోడలు మాత్రలు దిండు కింద పెడుతోందని, మళ్ళీ ఆడపిల్లే పుట్టిందని కొడుకు మొహం చాటేశాడని, ఊళ్ళో ఎవరో ఇచ్చిన పసరు పోశామని. ఆమె అవన్నీ విని, లేచి వచ్చి, ఎవరికీ చెప్పకుండా మందు మార్చేది. నేనప్పట్లో దీన్ని ఒక పెద్ద మనిషి కాలక్షేపం అనుకున్నాను.

మా దగ్గర స్కానింగు లేదు. కడుపుతో ఉన్నవాళ్ళు ఒంగోలు దాకా బస్సులో పోయి తీయించుకుని రావాలి. మిషను తేవాలన్నది నా ఆలోచనే, మంచి ఆలోచనే. బ్యాంకులో పని ప్రసాద్ చూశాడు. గది కట్టాలంటే ఉన్న జాగా వెనక కొట్టం ఒక్కటే. నేను కొలతలు వేసి బొమ్మ గీసి ఆమెకు చూపించాను. వంట యాడ చేసుకుంటారు అని అడిగింది. క్యాంటీను పెడుతున్నాం, పొగ ఉండదు, ఈగలు ఉండవు, రోగుల వెంట వచ్చినవాళ్ళు హాయిగా కూర్చుని తింటారు అన్నాను. మరి బాలింతలకు అంది. పుస్తకం ప్రకారం వాళ్ళకు వేరే వండిస్తామమ్మా అన్నాను. ఆమె ఆ బొమ్మను చాలాసేపు చూసింది.

"నీ చేతికిచ్చినాను. నువ్వే చూసి చెయ్యి" అంది.

అది ఒప్పుకోవడం అనుకున్నాను. అందులో 'చూసి' అన్న మాట నాకు అప్పుడు వినపడలేదు.

కొట్టం పడగొట్టాం. స్కానింగు గది లేచింది, తెల్లటి రంగు, చల్లటి గాలి. ఆ తర్వాత నెలల్లో ఒక విశేషం గమనించాను. కాన్పు అయినవాళ్ళు ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గిపోతూ వస్తున్నాయి. నా ఎం.బి.ఎ. పుస్తకం ప్రకారం ఇది చాలా మంచి గుర్తు. రోగి తొందరగా కోలుకున్నట్టు, మంచం తొందరగా ఖాళీ అయినట్టు. రంగు పెన్సిళ్ళతో పెద్ద అట్ట మీద బొమ్మ గీశాను, గీత ఎడమ నుంచి కుడికి కొండ దిగినట్టు దిగుతుంది. గుంటూరు నుంచి ప్రసాద్‌ను కూడా పిలిపించి డాక్టరమ్మ గదిలో సమావేశం పెట్టాను. పొగ పోయింది, శుభ్రం పెరిగింది, కాబట్టి గాయాలు తొందరగా మానుతున్నాయి అని వివరించాను. ప్రసాద్ బల్ల మీద చరిచి, అత్తా, మా ఊళ్ళో పెద్ద ఆసుపత్రులవాళ్ళు గూడా ఇట్ల చేయలేకపోతున్నారు, శేషయ్య గారికి సన్మానం చేయాలన్నాడు. నేను తల వంచుకుని వినయం చూపించాను. ఆమె మాత్రం ఆ గీతనే చూస్తోంది.

అప్పుడే హెడ్ నర్సు ఆదిలక్ష్మి తలుపు తోసుకుని వచ్చింది. ఎల్లమ్మను జీపులో వేసుకొచ్చినారమ్మా అంది. ఎల్లమ్మ యర్రగొండపాలెం అవతల అడవి అంచు పల్లె పిల్ల. గొర్రెలు మేపుకునే ఇల్లు, మొగుడు మందతో వలస పోయి ఉన్నాడు. పది రోజుల కిందట మా దగ్గర ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఇంకా సూదిమందు నడుస్తుండగానే, మేమే పోతామని అత్త సంతకం పెట్టి తీసుకుపోయింది. ఇప్పుడు కుట్లు చీము పట్టి, ఒళ్ళు కాలిపోతూ, కళ్ళు తెరవలేని స్థితిలో ఉంది. డాక్టరమ్మ లేచి పరిగెత్తింది. ఆ వయసులో ఆమె అట్లా పరిగెత్తడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. నేనూ వెనకే వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను.

ఎందుకు తీసుకుపోయినావమ్మా అని ఆదిలక్ష్మి ఆ అత్తను గట్టిగా అడిగింది. ఆ ముసలామె బిడ్డను కొంగులో చుట్టుకుని గోడకు ఆనుకుని ఉంది.

"ఏం పెట్టేది తల్లీ బాలింతకు? మీ హోటల్ల సాంబారు, పెరుగు. ఆ పెరుగు ముద్ద తిని సన్నిపాతం వస్తే నా కొడుక్కి ఏమని చెప్పేది? పొయ్యి ల్యాకపోతే యాడ వండను? ఇంటికన్నా పోతే ఇంత మిరియాల చారు కాచి పోస్తానని పోయినా" అంది.

ఎల్లమ్మను ఆ సాయంత్రమే గుంటూరు పంపించారు. డాక్టరమ్మ కూడా ఆ బండిలోనే వెళ్ళింది. ఎల్లమ్మ బతికింది. చాలా రోజులు అక్కడే ఉంది. బిడ్డకు తల్లిపాలు లేకుండా పోయాయి.

గుంటూరు నుంచి తిరిగి వచ్చిన రోజున ఆమె నన్ను పిలిచి, మందుల షాపులో వాపసు వచ్చిన సూదుల పెట్టె తెమ్మంది. నాకు వెంటనే అర్థమైంది. ఆ కొద్ది నెలలుగా, వాడకుండా మిగిలిపోయిన ఇంజెక్షన్లను జనం తిరిగి ఇచ్చి డబ్బు తీసుకుపోతున్నారు. ఒక అట్టపెట్టె నిండిపోయింది. నర్సులు అవసరానికి మించి రాయిస్తున్నారని నేను వాళ్ళ మీద కేకలు కూడా వేశాను. పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాను. పక్కనే నా రంగుల బొమ్మ ఇంకా అట్లాగే ఉంది. ఆమె గొంతు పెంచలేదు.

"నీ బొమ్మలో రోజులు తగ్గినాయి. ఈ పెట్టెలో సూదులు మిగిలినాయి. రెండూ నీ కాడనే ఉండె గదయ్యా. రెండు చదువులు చదవమనింది, ఒక్క మనిషిలోనే ఇద్దరు కూర్చొని మాట్లాడుకుంటారని. నీలో ఉండే ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరేందయ్యా" అంది.

ఈ వ్యాసం అడిగిన లెక్చరరు గారికి నేను చెప్పగలిగినదంతా ఆ మాటలోనే ఉంది. డిగ్రీలు రెండూ నా గోడ మీద పక్కపక్కనే వేలాడాయి. ఫార్మసిస్టు తన కౌంటరులో మిగిలిన సూదులు చూసి విసుక్కున్నాడు. మేనేజరు తన గదిలో గీత చూసి మురిసిపోయాడు. మధ్యలో నడవా పదడుగులు కూడా లేదు. ఇది పుస్తకాల తప్పని నేను అనను. మా ఆవిడకు రెండు కాన్పులూ ఆ ఆసుపత్రిలోనే అయ్యాయి, పథ్యం వండింది మా అమ్మ, వండింది ఆ కొట్టంలోనే. వెల్లుల్లి వలిచి ఇచ్చినవాణ్ణి నేను. ఏ పుస్తకమూ చదవకముందే నాకు తెలిసిన సంగతి అది. రెండు డిగ్రీలు వచ్చాక దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వదిలేశాను.

కొట్టం మళ్ళీ కట్టడానికి జాగా లేదు. మిషను వచ్చి కూర్చుంది, దాని అప్పు తీరాలి. కొద్ది రోజులకు ప్రహరీ గోడ వెంట ఖాళీగా ఉన్న సందులో మూడు రాళ్ళు లేచాయి. తర్వాత ఇంకో మూడు. గాలికి మంట ఆరకుండా ఎవరో విరిగిన పలకరాళ్ళు నిలబెట్టారు. తీయించమని ప్రసాద్ గుంటూరు నుంచి ఫోన్ చేశాడు. నేను తీయించలేదు. బాలింతలు మళ్ళీ మందు పూర్తయ్యేదాకా ఆసుపత్రిలో ఉండడం మొదలుపెట్టారు. డాక్టరమ్మ సాయంత్రం ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని ఆ సందులో కూర్చునేది. నేనూ పని ముగించుకుని వెళ్ళి ఆమె పక్కన ఒక బకెట్టు బోర్లించుకుని కూర్చునేవాణ్ణి. అత్తలు చెప్పే కథలు వినేవాణ్ణి. తర్వాత ఆమెకు జబ్బు చేసింది. వైద్యం కోసం వేలూరు వెళ్ళే ముందు రోజు సాయంత్రం కూడా ఇద్దరం ఆ పొయ్యిల దగ్గరే కూర్చున్నాం. ఎవరో ఆకులో ఇంత అన్నం, చారు పెట్టి ఇచ్చారు. ఆమె తింటూ నా వైపు చూసి, ఆసుపత్రి అంటే ఏందో నీకు తెలిసిందిలే శేషయ్యా, ఇంక నాకు దిగులు లేదు అంది. వేలూరు నుంచి ఆమె తిరిగి రాలేదు. ట్రస్టు రాతకోతలకు వ్యవధి చాలలేదు, ఆసుపత్రి మేనల్లుడికి వెళ్ళింది. నేను అతని కింద కొన్నేళ్ళు పనిచేసి దిగిపోయాను. తర్వాత అతనూ వేరేవాళ్ళకు ఇచ్చేశాడు. ఇప్పుడక్కడ కొత్త బోర్డు ఉంది, ఆ సందులో స్కూటర్లు పెడుతున్నారు.

నాలో మిగిలింది ఒక జబ్బు లాంటి అలవాటు. ఎవరైనా ఒక లెక్క చూపించి ఇది తగ్గింది, అది పెరిగింది అని సంతోషపడుతుంటే, నేను వాళ్ళతో కలిసి సంతోషపడలేను. ఆ తగ్గినచోటి నుంచి లేచి ఎవరు వెళ్ళిపోయారో అని వెతుకుతాను. మా మనవరాలి బళ్ళో మధ్యాహ్నం అన్నం మిగలడం లేదని మెచ్చుకుంటుంటే, తినే పిల్లలు ఎక్కువయ్యారా, వండేది తగ్గిందా అని అడిగి ఆ పంతులమ్మకు కోపం తెప్పించాను. ఫార్మసీ కాలేజీ పిల్లలకు నేను ఇవ్వగలిగిన సలహా కూడా ఇంతే. రెండో డిగ్రీ చదవండి, తప్పకుండా చదవండి. రెండూ చదివాక మీలో ఉన్న ఇద్దరినీ ఏదో ఒక పొయ్యి దగ్గర కూర్చోబెట్టండి.

ఇక్కడితో ముగించి, తప్పులుంటే చెబుతుందని ఆదిలక్ష్మి ఇంటికి తీసుకువెళ్ళాను. ఆమె కూడా ఎప్పుడో రిటైరయి మా వెనక వీధిలోనే ఉంటోంది. కళ్ళకు ఆపరేషన్ అయింది, అందుకని నేనే పైకి చదివాను. నలభై పడకల దగ్గర నవ్వింది. ఎల్లమ్మ దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చదవడం పూర్తయింది. బాగాలేదా చెల్లెమ్మా అని అడిగాను. ఆమె చెప్పింది చెప్పినట్టు కింద రాస్తున్నాను, పైన రాసింది దిద్దలేదు.

"అంతా బాగుందిగానీ, నువ్వెప్పుడు కూర్చున్నావన్నా ఆడ? ఒక్కనాడు గూడా రాలేదే. బకెట్టు బోర్లించి పెట్టింది నిజమే, ఆయమ్మే పెట్టించేది రోజూ, శేషయ్య వస్తాడని. ట్రస్టు రాతకోతలు ఆగింది టైము ల్యాక కాదు. వేలూరు పోయే ముందు రోజు గూడా, శేషయ్య వస్తాడేమో చూసి రాపో ఆదిలక్ష్మీ అనింది. వచ్చి చూసినా. నువ్వు పొగ వస్తా ఉందని కిటికీ ఏసుకుని లోపల కూర్చోనుండావ్. అదే చెప్పినా ఆయమ్మకు. సర్లే, నువ్వు కూర్చో అనింది. ఆ పొద్దు ఆ బకెట్టు మీద కూర్చున్నది నేను."